అప్‌డేట్: శ్రీకాకుళంలో 40 మంది పార్టీకి మందు ఎంత కొనాలి? చివరికి ఏమైందంటే

అన్నయ్య రిటైర్మెంట్ పార్టీకి 40 మంది వస్తున్నారు, ఎన్ని ఫుల్ బాటిళ్లు కొనాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు తాగేవాళ్లెవరో లెక్కపెట్టు" అన్న మాటే పనికొచ్చింది. పేర్లు రాస్తే 22 మందే తేలారు. 750 మి.లీ. ఫుల్‌లో 60 మి.లీ. పెగ్గులు పన్నెండున్నర వస్తాయి. మనిషికి మూడు చొప్పున 66 పెగ్గులు, అంటే ఆరు ఫుల్స్. అర బాటిల్ మిగిలింది, అదీ మా చిన్నబావ పట్టుకుపోయాడు.

బ్రాండ్ మీద జరిగిన చర్చంతా దండగ, ఎవరూ పట్టించుకోలేదు. తక్కువైనవి సోడా, ఐస్. రాత్రి తొమ్మిదిన్నరకే ఐస్ బకెట్‌లో నీళ్లు మిగిలాయి. బండేసుకుని ఏడు రోడ్ల జంక్షన్‌కి పరిగెత్తాను. తాగని వాళ్లకి కూల్‌డ్రింక్స్ కంటే మజ్జిగే ముందు అయిపోయింది.