జ్వరాన్ని ‘కొని’ తెచ్చుకోవడం ఏమిటి?

ప్రశ్న (తెనాలి నుంచి):
నిన్న మా అత్తగారు మా అమ్మాయిని “ఎండలో తిరిగి జ్వరం కొనితెచ్చుకోకే” అని మందలించారు. జ్వరాన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారని అది నన్ను అడిగింది. ఏడో తరగతి పిల్లకు సరైన సమాధానమే చెప్పాలి. ఈ ‘కొను’ ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు (హోసూరు నుంచి, తెలుగు పంతులు):
మంచి ప్రశ్న అడిగిందమ్మా మీ అమ్మాయి. ‘కొను’కు మొదటి అర్థం తీసుకోవడం. వెల చెల్లించి తీసుకోవడం అందులో ఒక రకం మాత్రమే. గైకొను, చేకొను అన్న మాటలు చూడండి, రెండూ చేతిలోకి తీసుకోవడమే. కావ్యాల్లో ‘కొనిపోయెను’ అంటే తీసుకుపోయాడని అర్థం, అక్కడ బేరమేమీ లేదు.

ఇది అచ్చమైన ద్రావిడ క్రియ. తమిళంలో కొళ్, కన్నడంలో కొళ్ళు. మా ఊళ్లో మూడు భాషలూ రోజూ చెవిన పడతాయి. తమిళుడు ‘కొండు వా’ అంటే తీసుకురమ్మని, కొనుక్కురమ్మని కాదు. అదే తమిళంలో ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని ‘నెల్ కొళ్‌ముదల్ నిలైయం’ అంటారు. అక్కడ అదే ధాతువు కొనుగోలు అర్థంలో కనిపిస్తుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన మాట ‘కొనుక్కున్నాను’. ఇందులో ఒకే క్రియ రెండుసార్లు ఉంది. ముందుది కొనడం, వెనకది ‘నా కోసం’ అని చెప్పేది. “బొమ్మకు చీర కట్టింది”, “చీర కట్టుకుంది” పక్కపక్కన పెట్టి మీ అమ్మాయికి చూపించండి, ఆ రెండో కొను చేసే పని వెంటనే తెలుస్తుంది. కన్నడంలోనూ ‘కొండుకొళ్ళు’ అని అచ్చంగా ఇలాగే ఉంది.

జవాబు (వరంగల్ నుంచి):
పంతులుగారూ, మా ఇంట్లో మాత్రం “చేతి డబ్బు పెట్టి మరీ తెచ్చుకున్న కష్టం” అన్న అర్థంలోనే వాడతారు. అది తప్పా?

జవాబు (హోసూరు నుంచి, తెలుగు పంతులు):
తప్పు కాదండీ. తీసుకోవడమన్న అర్థం విడి మాటగా వాడుక నుంచి తొలగిపోయాక, కొనడమే అందరి చెవికీ వినిపిస్తుంది. అడగకుండా వచ్చిన కష్టం కాదు, ఏరికోరి తెచ్చుకున్నది అన్న ధ్వని రెండింటిలోనూ ఉంది. పాత అర్థం మాత్రం ‘కొల్లగొను’లో నేటికీ నిలిచి ఉంది. దోచుకునేవాడు వెల కట్టడు కదా!

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. చీర ఉదాహరణ చెప్పగానే మా అమ్మాయి “మరి నిద్ర మేలుకోవడంలో ఏం తీసుకుంటాం?” అని అడిగింది. దానికీ సమాధానం చెప్పగలరా?