డొరాడ్ లాంటి పాత చెక్క పడవని మళ్లీ రేసుకి దింపొచ్చా?

లంగరు:
డొరాడ్ 52 అడుగుల చెక్క యాట్, అంటే తెరచాపల రేసు పడవ. 1929లో ఓలిన్ స్టీఫెన్స్ 21 ఏళ్ల వయసులో డిజైన్ చేశాడు, న్యూయార్క్‌లోని సిటీ ఐలండ్‌లో కట్టారు. 2010లో కొత్త యజమానులు కొని, మళ్లీ మహాసముద్రం రేసులకి దింపారు. నా మటుకు అది తప్పు. గట్టి గాలిలో స్తంభం పడవ అడుగుని కిందికి నొక్కుతుంది, దాన్ని బిగబట్టే తీగలు రెండు పక్కలనీ పైకి లాగుతాయి. పలకల సందులు కదులుతాయి. పాడైన పలక తీసి కొత్తది వేస్తారు. అలా పోతే పాత చెక్క ఎంత మిగులుతుంది? మ్యూజియంలో పెట్టాల్సిన పడవ అది.

చుక్కాని:
లంగరు గారూ, డొరాడ్‌కి పేరొచ్చిందే సముద్రంలో. 1931లో అమెరికాలోని న్యూపోర్ట్ నుంచి ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కి రేసు. ఓలిన్, తమ్ముడు రాడ్, వాళ్ల నాన్న ముగ్గురూ పడవలోనే ఉన్నారు. దూరం తగ్గుతుందని ఉత్తరపు దారి పట్టి 17 రోజుల్లో చేరారు. తమకన్నా పెద్ద పడవలు ఆ తర్వాత రెండు రోజులకి గానీ రాలేదు! తిరిగొచ్చాక న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు.

ఇంకోటి చూడండి. డొరాడ్ బాక్స్ అనే గాలి పెట్టె పేరు ఈ పడవ నుంచే వచ్చింది. రాడ్ ఆలోచన అది. డెక్ మీద చెక్క పెట్టె, దాని మీద గాలి పట్టే కొమ్ము. అల కొడితే గాలితో పాటు నీళ్లూ పెట్టెలో పడతాయి. కేబిన్‌లోకి దిగే గొట్టం కొమ్ముకి సూటిగా కింద ఉండదు, పక్కకి జరిగి, పెట్టె అడుగు కన్నా ఎత్తులో మొదలవుతుంది. నీళ్లు అడుగున ఉన్న కన్నాల్లోంచి డెక్ మీదికి పోతాయి, గాలి మాత్రం లోపలికి వెళ్తుంది. అలల్లో తడిస్తేనే దీని విలువ తెలుస్తుంది. అద్దాల వెనక పెడితే అదొక పెట్టె, అంతే.

ఒడ్డుమనిషి:
2013లో లాస్ ఏంజెలిస్ నుంచి హొనొలులు వెళ్లే ట్రాన్స్‌పాక్ గెలిచిందని గొప్పగా చెప్తారు. అది హ్యాండిక్యాప్ లెక్కలో, అంటే పడవ వేగాన్ని బట్టి టైమ్ సవరించే లెక్కలో వచ్చిన గెలుపు. కొత్త పడవలు ముందే చేరిపోయాయి. పైగా తెరచాపలు కూడా కొత్త రకంవే.

చుక్కాని:
హ్యాండిక్యాప్ ఉన్నదే అందుకు కదండీ, ఏ పడవ తన సత్తాకి తగ్గట్టు నడిచిందో చూడ్డానికి. ఇదే రేసు 1936లోనూ డొరాడ్ గెలిచింది. 77 ఏళ్ల తర్వాత 12 రోజుల 5 గంటల్లో చేరింది, అప్పటి తన టైమ్ కన్నా దాదాపు ఒక రోజు ముందు. తెరచాపలు సాయం చేశాయి, నిజమే. కానీ ఆ ఒత్తిడిని మోసింది పాత ఆకారమే.

లంగరు:
గెలుపుని నేను కాదనను. పోతే తిరిగి రానిదాని గురించే నా బాధ. బ్రిటానియా సంగతి తెలుసుగా? 1893 నాటి బ్రిటన్ రాజుగారి రేసు పడవ, రెండొందలకు పైగా రేసులు గెలిచింది. ఐదో జార్జ్ కోరిక ప్రకారం 1936లో ఇంగ్లండ్‌లోని వైట్ దీవి దగ్గర ముంచేశారు. ఈరోజు చూద్దామంటే ఏదీ?

చుక్కాని:
బ్రిటానియాని రేసులు ముంచలేదు కదండీ. వాడేవాళ్లు లేకపోతే ఏ పడవకైనా డబ్బు పెట్టేదెవరు? మీ భయానికి మందు వేరే ఉంది. మార్చిన ప్రతి పలకకీ ఫొటో, కొలత, తేదీ రాసిపెట్టాలి. తీసిన పాత ముక్కలు పారేయకూడదు. ఆ రికార్డు అడిగితే చూపించే యజమానినే రేసుకి రానివ్వాలి.

లంగరు:
ఆ షరతు రేసు నిబంధనల్లో రాస్తే నాకు అభ్యంతరం లేదు. యజమాని మంచితనానికి వదిలేస్తే మాత్రం ఒప్పుకోను.