మిడ్‌మానేరు జలాశయంలో చేపల పడవకు ఏ ఇంజిన్ పెట్టాలి?

ప్రశ్న: అన్నా, ఇన్నేళ్లు తెప్పల మీదే చేపలు పట్టాం. ఇప్పుడు నలుగురం కలిసి 18 అడుగుల ఫైబర్ పడవ కొన్నాం. మనుషులు, వలలు, చేపలు కలిపి ఆరేడు క్వింటాళ్లు. ఒకరు 25 హెచ్‌పీ పెట్టమంటారు, ఇంకొకరు పాత డీజిల్ మోటారు బిగించమంటారు. ఓడల ఇంజిన్ల కోర్సు చదివే మేనల్లుడేమో "పెద్ద ఓడలన్నీ టూ స్ట్రోకే మామా" అంటాడు. ఒకటే టెన్షన్.

జవాబు: తమ్మీ, పిల్లగాడు అబద్ధం చెప్పలేదు, అన్నీ కాకున్నా పెద్ద సరుకు ఓడల్లో చాలావరకు టూ స్ట్రోకే. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోగానే ఇంధనం ఒకసారి మండితే టూ స్ట్రోక్, రెండేసి సార్లు పోతే ఫోర్ స్ట్రోక్. కానీ ఆ టూ స్ట్రోక్ వేరు. ఎమ్మా మెర్స్క్ అనే పెద్ద కంటైనర్ ఓడలో ఉన్నది 14 సిలిండర్ల డీజిల్ ఇంజిన్. నిమిషానికి 102 చుట్లే తిరుగుతుంది, గేర్‌బాక్స్ లేకుండా నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. పడవ వెనక తగిలించే టూ స్ట్రోక్ మన పాత లూనా లాంటిది, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. తేలికే, రిపేరూ సులువే, కానీ పెట్రోల్ బాగా తాగుతుంది. రోజూ తిరిగే పడవకైతే నేను ఫోర్ స్ట్రోకే అంటా.

25 హెచ్‌పీ దండగ. అంత బరువుతో మీ పడవ గంటకు 10 కిలోమీటర్ల దగ్గర తాను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది. ఆపైన పోసిన పెట్రోల్ ముక్కు పైకి లేపడానికే. 9.9 హెచ్‌పీ చాలు.

కొనేముందు ఇంజిన్ తగిలించే వెనక చెక్క ఎత్తు కొలవండి. నీళ్లలోకి దిగే ఇంజిన్ కాళ్లలో 15 అంగుళాలది పొట్టి, 20 అంగుళాలది పొడుగు. నేను కొలవకుండా పొట్టిది తెచ్చా. ప్రొపెల్లర్ గాలి పీల్చి ఒకటే అరుపు, పడవ మాత్రం ఉన్నచోటే!

ఇంకొకరు: డీజిల్ జోలికి పోకండి. పడవ అడుగున తూటు పొడిచి షాఫ్టు దించాలి. ఎండాకాలం నీళ్లు తగ్గితే ముంపు ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు అడుగునే ఉంటాయి. వెనక తగిలించేదైతే చటుక్కున పైకి లేపొచ్చు. ప్రొపెల్లర్ ఇంకొకటి, రెండు తెడ్లు పడవలోనే ఉంచండి.

ప్రశ్న: టేపు పెట్టి చూశానన్నా, 19 అంగుళాలు వచ్చింది.

జవాబు: అయితే పొడుగుదే. ప్రొపెల్లర్‌కు పైన ఉండే ప్లేటు పడవ అడుగుకు ఒక అంగుళం కిందికి ఉండేలా బిగించు. స్టార్ట్ చేయగానే ఇంజిన్‌ను చల్లబరిచిన నీళ్లు వెనక సన్నటి ధారగా పడుతున్నాయా చూడు. పడకపోతే వెంటనే ఆపెయ్, నీళ్లు పీల్చే చోట నాచు అడ్డం పడి ఉండొచ్చు.