జబ్బు రాకముందే ఆపే విధానాలు: దేశాలను దేనితో పోల్చాలి?

ఎంఏ ఎకనామిక్స్:
నమస్కారమండి. నివారణ వైద్యానికి ఏ దేశం ఎలా డబ్బు పెడుతోందో సెమినార్ పేపర్ రాస్తున్నాను. బ్రిటన్, జపాన్, అమెరికా, డెన్మార్క్ తీసుకున్నాను. తలసరి ఖర్చుల పట్టిక వేశాను కానీ దాంట్లోంచి ఏమీ తేలడం లేదు. మా గైడ్ గారేమో "నివారణ మీద పెడితే చికిత్స ఖర్చు తగ్గుతుంది, అదే నీ ముగింపు" అంటున్నారు. అలా రాసేయొచ్చా?

పాత యాక్చువరీ:
ముందు ఆ పట్టిక తీసేయండమ్మా. ధనిక దేశాల్లో కూడా కోవిడ్‌కు ముందు నివారణ పద్దు మొత్తం ఆరోగ్య వ్యయంలో 3 శాతం దగ్గరే ఆడేది. పైగా పన్ను రూపంలో ఉన్న విధానం ఖర్చు పద్దులో కనిపించనే కనిపించదు, రాబడి పద్దులో ఉంటుంది. బ్రిటన్ చేసిన మంచి పని మీ పట్టికలో లేదు, చూసుకోండి.

బీమా లెక్కలు కట్టి బతికినవాణ్ణి, నేనడిగేది ఒకటే. జనం జబ్బు పడితే ఎవరి జేబుకు చిల్లు? ఆ జేబు గలవాడి చేతిలో దాన్ని ఆపే ఉపాయం ఉందా?

బ్రిటన్ చక్కెర పానీయాల సుంకాన్ని 2016 మార్చిలో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలు చేసింది. 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే అప్పట్లో లీటరుకు 18 పెన్స్, 8 గ్రాములకు చేరితే 24. రేటు కన్నా ఆ రెండేళ్ల గడువే అసలు సంగతి. కంపెనీలు గీత కిందికి దిగడానికి తయారీనే మార్చేసుకున్నాయి. తాగేవాడికి తెలియకుండానే చక్కెర తగ్గింది. మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో వేసింది. చక్కెర ఎంతున్నా అదే పెసో, ఇక తయారీదారు తగ్గించడం దేనికి? ధర పెరిగి కొనుగోళ్లు తగ్గాయి, మొదటి ఏడాది సగటున 6 శాతం దాకా. అదీ మంచిదే. కానీ పేరుకు ఒకే రకం పన్నయినా రెండూ వేరే యంత్రాలు.

జపాన్ 2008 నుంచి 40–74 ఏళ్లవారి నడుము కొలుస్తోంది. మగవారికి 85 సెంటీమీటర్లు, ఆడవారికి 90 హద్దు. ఈ పరీక్షల లక్ష్యం తప్పిన బీమా సంస్థ వృద్ధుల వైద్యానికి ఎక్కువ వాటా కట్టాలి. మావాళ్లకు ముచ్చటేసే లెక్క! తీరా 2020లో వచ్చిన అధ్యయనంలో బరువు కాస్త తగ్గింది గానీ రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గట్టు మారలేదు.

అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం, సిఫారసు చేసిన పరీక్షలకు కోపే (రోగి తన జేబులోంచి కట్టే వాటా) లేకుండా చేసింది, దానికి నా ఓటు. ఆఫీసుల వెల్‌నెస్ పథకాలకు మాత్రం వేయను. ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఉద్యోగుల్లో లాటరీ తీసి పరీక్షిస్తే వైద్య ఖర్చు తగ్గిన జాడే లేదు. చేరినవాళ్లు చాలామటుకు ముందునుంచీ తక్కువ ఖర్చు పెట్టేవాళ్లే.

సుంకాల శాఖ:
డెన్మార్క్ సంగతి నేను చెప్తాను. 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు మీద కిలోకు 16 క్రోనర్లు వేసి, 2013 జనవరికల్లా ఎత్తేశారు. జనం సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కున్నారు. పన్ను సూత్రం ఎంత బాగున్నా పక్కదేశం గంట దూరంలో ఉంటే కష్టమే.

ఎంఏ ఎకనామిక్స్:
చాలా థాంక్స్ సార్. గైడ్ గారి వాక్యం సంగతి?

పాత యాక్చువరీ:
రాయకండి. 2008లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో, నిజంగా డబ్బు మిగిల్చిన నివారణ చర్యలు ఐదో వంతు కూడా లేవు. ఒక రోగిని పట్టుకోవడానికి వందలమంది ఆరోగ్యవంతులకు పరీక్ష చేయాలి కదా, ఆ బిల్లు ఎక్కడికి పోతుంది? ఐతే గుండె ఆపరేషన్ డబ్బు మిగిల్చిందా అని ఎవరూ అడగరు. పెట్టిన డబ్బుకు ఎన్ని ఆరోగ్యకరమైన ఏళ్లు వచ్చాయో లెక్కేయండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ సమీక్ష ముందు పెట్టండి, వాదించొద్దు.

సుంకాల శాఖ:
థాయిలాండ్‌నీ చేర్చండి. 2001 నుంచి పొగాకు, మద్యం సుంకాల మీద 2 శాతం అదనంగా తీసి నేరుగా ఆరోగ్య ప్రోత్సాహక నిధికి ఇస్తున్నారు. ఏటా బడ్జెట్ ముందు చేయిచాచే పని లేదు.

పాత యాక్చువరీ:
ఇక్కడ మీతో పేచీ. జనం నిజంగా తాగుడు మానేస్తే ఆ నిధే ఎండిపోతుంది కదండీ.

సుంకాల శాఖ:
అప్పుడు ఆ నిధితో పనేముంది సార్?