ఈ వారం సమస్య: “మండుటెండలోన మంచు గట్టె”

నిర్వాహకుడు:
ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం. దానికి ముందు మూడు పాదాలు అల్లి అర్థం కుదర్చడమే పూరణ. మే నెల హైదరాబాదులో ఇది అసంభవంగా తోస్తుంది కాబట్టే ఇచ్చాను. కేవలం అతిశయోక్తితో దాటవేయవద్దని మనవి. కారణం చూపిన పూరణకే నా ఓటు.

ఉప్పల్ మిత్రుడు:
వేసవిదినమందు వేడెక్కి మబ్బులు
ఉరిమి మెరిసి వచ్చె నుప్పలందు
రాళ్లవాన కురిసె రహదారి తెల్లనై
మండుటెండలోన మంచు గట్టె

తార్నాక సోదరి:
మూడో పాదం కళ్లకు కట్టింది. అయితే అన్నగారూ, మబ్బులు కమ్మి వడగళ్లు పడుతున్నప్పుడు మండుటెండ ఎక్కడిది? సమస్యలోని మొదటి మాటనే పూరణ కొట్టేస్తోంది. వేడెక్కేది నేల కదా, మబ్బు కాదు. ఆ వేడిగాలి పైకి లేచి మబ్బు కడుతుంది. మొదటి పాదాన్ని మరోసారి చూడండి.

మలక్‌పేట విద్యార్థి (మొదటి ప్రయత్నం, తప్పులుంటే దిద్దగలరు):
వట్టివేళ్ల తెరను వదలక తడుపంగ
చల్లగాలి వచ్చె సంతసముగ
కూలరున్న యింట హేమంతమే వచ్చె
మండుటెండలోన మంచు గట్టె

నిర్వాహకుడు:
బాబూ, గణాలన్నీ కుదిరాయి, సంతోషం. రెండో పాదంలో చ–సం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) చెల్లుతుంది. మూడో పాదంలోనే “కూ”కు “హే” పొసగదు. “కూలరున్న యింట కొలువయ్యె శీతము” అంటే కూ–కొ మైత్రి కుదురుతుంది. మరో మాట. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, ఎంత తడిపినా మంచు దాకా పోదు. “గట్టెననగ” అనే అర్థం వచ్చే ఉత్ప్రేక్ష, అంటే అలా ఉన్నట్టు ఊహించే మాట, ఎక్కడో ఒకచోట ఉండాలి. వట్టివేళ్ల వాసన పద్యంలోకి తెచ్చినందుకు మాత్రం అభినందనలు.

మూసాపేట సభ్యుడు (ఏసీ మరమ్మతు వృత్తి):
ఈ పాదం చూడగానే మా పనే గుర్తొచ్చింది. ఏటా ఎండాకాలంలో చూసేదే ఇది.

ఫిల్టరునకు దుమ్ము పేరుకొనుట చేత
గాలి యాడదాయె, గదికి రాక
చలువ నిలిచిపోయె; చల్లని గొట్టాన
మండుటెండలోన మంచు గట్టె

తార్నాక సోదరి:
అద్భుతం! ఇది ఊహ కాదు, నిజం. ఫి–పే యతి కూడా ఒప్పే. కానీ గాలి ఆగితే మంచు ఎందుకు కడుతుందో నాబోటివాళ్ల కోసం కాస్త చెప్పండి.

మూసాపేట సభ్యుడు:
అమ్మా, లోపలి యూనిట్‌లోని కాయిల్ (గొట్టాల చుట్ట) ఏసీ నడుస్తున్నంతసేపూ చల్లగానే ఉంటుంది. గదిలోని వెచ్చని గాలి దాని మీదుగా ధారాళంగా పోతున్నంతసేపు అది సున్నా డిగ్రీలకు దిగదు, గాలిలోని తేమ నీటిచుక్కలై బయటికి పోయే వేరే గొట్టంలో కారిపోతుంది. జాలీ, అంటే పద్యంలోని ఫిల్టరు, దుమ్ముతో మూసుకుపోతే వెచ్చని గాలి అందదు. కాయిల్ సున్నా కిందికి జారి, ఆ తేమే మంచవుతుంది. మంచు పేరుకున్నకొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది. మన దేశంలో 2020 నుంచి వచ్చే స్టార్ రేటింగ్ గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి, తర్వాత మనం మార్చుకోవచ్చు. చల్లదనం రావడం లేదని చాలామంది వెంటనే 16కి దించుతారు. అప్పుడు కంప్రెసర్ మీద భారం మరింత పెరుగుతుంది తప్ప గాలి పెరగదు.

మంచు కనబడితే చాకుతో గీకకండి, గొట్టానికి చిల్లు పడుతుంది. కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రం నడిపి కరగనివ్వండి. జాలీ తీసి మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరాకే బిగించండి. వేడినీళ్లు పోస్తే వంకర పోతుంది. లోపల వేరుగా ఉండే కార్బన్ ఫిల్టర్ల వంటివి చాలావరకు కడిగేవి కావు, గడువు తీరగానే మార్చాల్సిందే. పక్కనే భవనం కడుతున్నా, ఇల్లు రోడ్డు మీదున్నా రెండు వారాలకొకసారి జాలీ చూడాలి.

కూకట్‌పల్లి సోదరి:
ఏసీ మరమ్మతుకు వచ్చినవారితో మా ఇంటి కథ ఇదే.

గ్యాసు తగ్గెననుచు కాసులు గుంజిరి
వడియగట్టు వలను వారు చూడ
రైరి, డబ్బు పోయె, రాత్రి గడిచె, మళ్ళి
మండుటెండలోన మంచు గట్టె

మలక్‌పేట విద్యార్థి:
గురువుగారూ, “గ్యా”కు “కా” యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. క, గ ఒకే వర్గం, అచ్చు రెండుచోట్లా ఆకారమే. “చూడ / రైరి” అని మాటను విరిచి పాదం దాటించడం నాకు బాగా నచ్చింది. చూడకుండా పోయారన్న కోపం ఆ విరుపులోనే వినబడింది.

మూసాపేట సభ్యుడు:
ఏసీలో చల్లదనం తెచ్చే గ్యాసు తగ్గినా మంచు కట్టడం నిజమేనమ్మా, అందుకే ఆ మాట సులువుగా నమ్మిస్తారు. ముందు జాలీ కడిగి, ఫ్యాను సరిగా తిరుగుతోందో చూసి, అప్పటికీ మంచు కడితేనే గ్యాసు పీడనం కొలిపించాలి. గ్యాసు వాడుకతో అరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, ఆ చోటు మూయకుండా నింపించుకోకండి.

నిర్వాహకుడు:
శాస్త్రానికి మూసాపేట వారి పద్యం, కవిత్వానికి కూకట్‌పల్లి సోదరి పద్యం. ఈ వారం నా ఓటు సోదరికే. ఆమె కారణమూ చెప్పారు, మనిషినీ చూపారు. ఉప్పల్ మిత్రులు సవరించి పంపితే మళ్లీ చదువుతాను. విద్యార్థి కూలరు మాట ఎత్తాడు గనుక వచ్చే వారానికి ఇదే ఛందస్సులో నాలుగో పాదం: “నీరు తాగి గాలి నిప్పు నార్పె”.