ఆన్‌లైన్ క్లాసు పేరుతో గేమ్ వీడియోలు, ఎలా ఆపాలి?

మావాడు ఏడో తరగతి. నిన్న మజ్జిగ ఇద్దామని గదిలోకి వెళ్తే, తెర పైసగంలో లెక్కల సారు, కిందిసగంలో ఫ్రీ ఫైర్ వీడియో! కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్.

యూట్యూబ్ మొత్తం ఆపేద్దామంటే సైన్సు టీచర్ పాఠాల లింకులు అందులోనే పెడతారు. రౌటర్‌లో ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్‌కి (వైఫైలో ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) టైమ్ పెట్టాను. రెండ్రోజులే పనిచేసింది. వైఫై సెట్టింగుల్లో ర్యాండమ్ మ్యాక్ అని ఉంటుంది కదా (నాకూ ఇప్పుడే తెలిసింది), గడుగ్గాయి అది మార్చేసరికి రౌటర్‌కి కొత్త ఫోన్‌లా కనిపించింది.

ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపులో పెట్టే గూగుల్ యాప్) పెడదామంటే ఫోన్ వాళ్ల నాన్నది, అకౌంటూ ఆయనదే. సాయంత్రం ఆఫీసు కాల్స్ కూడా అందులోనే.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? పాత ట్యాబ్ ఏదైనా కొని వాడి పేరున పిల్లల అకౌంట్ పెట్టడం మేలా? క్లాసు టైములో ఆ లింకులు మాత్రమే తెరుచుకునేలా చేయొచ్చా? చేసినవాళ్లు కాస్త చెప్పండి.