మానధనం దోచాడా, తెచ్చాడా?

పాతరీలు: శోభన్ బాబు మీద నాలుగు ముక్కలు రాస్తున్నాను. నుదుటి మీద ఆ జుట్టు రింగు, నవ్వబోయి సగంలో ఆపేయడం, అదంతా రాశాక చివర్లో పోతన పద్యం, అదే గోపికలు కృష్ణుణ్ణి వెతుక్కుంటూ మల్లెపొదల్ని అడిగేది, తగిలిద్దామనుకుంటే అక్కడ ఇరుక్కుపోయాను. "నవ్వు రాజిల్లెడు మోమువాడొకడు చెల్వల మానధనంబు" దాకా సరే, ఆ తర్వాత నా నోటికి "దోచెనో" అనే వస్తోంది. పుస్తకంలో చూస్తే "దెచ్చెనో". ఏది ఖాయం?

అరసున్న: దెచ్చె. ద్రుతం, అంటే ముందు మాట చివరి నకారం, దాని మీద 'తెచ్చె' కాస్తా 'దెచ్చె' అయింది. దోచె అనేది పాడేవాళ్ళ నోట్లో పుట్టిన పాఠం. గణాలు రెంటికీ సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

యతిభంగం: గణాలు సరిపోయాక ఇక అర్థమే దిక్కు. అందగాడు దోచుకుంటాడు గానీ తెచ్చుకోవడమేమిటి మాష్టారూ, సంతకెళ్ళాడా?

ద్రుతం: మజా అంతా అక్కడే ఉంది. తెచ్చె అంటే ఎత్తుకొచ్చాడని. దోచినవాడు ఎటైనా పోవచ్చు, తెచ్చినవాడు మాత్రం ఇటే వచ్చాడు. అందుకే మల్లెపొదల్ని నిలేసి అడుగుతున్నారు, సొత్తుతో సహా ఇక్కడే నక్కాడని వాళ్ళ నమ్మకం. ఇంకోటి, ఆనవాళ్ళన్నీ పూసగుచ్చినట్టు చెప్పి పేరు దగ్గరికొచ్చేసరికి "ఒకడు" అంటారు. ఆ ఉక్రోషం చూడండి!

పాతరీలు: మన హీరో ఎంట్రీ కూడా ఇదేగా. బూటు, చెయ్యి, వీపు విడివిడిగా చూపించి మొహం ఆఖర్న. పోతన కూడా రంగు, కళ్ళు, పింఛం అయ్యాకే నవ్వుమొహం చూపించాడు.

యతిభంగం: కళ్ళు రెండో మాటకే చూపించేశాడు కదా, ఇంక దాచిందేముంది? మాస్ డైరెక్టరైతే నల్లకళ్ళద్దాలు పెట్టించి ఇంటర్వెల్ దాకా తీయనిచ్చేవాడు కాదు. పోతన నాయకుడు ఊరికే నిలబడితే చాలు. 1957 నాటి మాయాబజార్‌లో కృష్ణుడి వేషంలో రామారావుని చూడండి. ముందు జరగబోయేదంతా తనకి తెలుసన్నట్టు పెదవి చివర ఓ నవ్వు, ఓ వారచూపు, అంతే. "కృపారసంబు పై జల్లెడువాడు" అన్న ముక్కకి అంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

అరసున్న: జల్లడమంటే చిలకరించడం, కుమ్మరించడం కాదు. అందుకే చూపుతో ఎక్కువ నటించినవాళ్ళెవరూ ఆ వేషంలో ఆనలేదు. నాగేశ్వరరావు దారి వేరు. 1953 దేవదాసులో రెప్పలు బరువెక్కిన ఆ కళ్ళు జాలిని అడుగుతాయి తప్ప దయ చల్లవు. అదే మనిషి నలభై దాటాక 1971 దసరాబుల్లోడులో స్టెప్పులేసి ఊపేశాడు, అది ఇంకో పద్యం.

ద్రుతం: మీరంతా "దె" పట్టుకుని వేలాడుతున్నారు గానీ అసలు గొడవ "నో" దగ్గర. తెచ్చెనో అని సందేహమా, లేక తెచ్చెన్, ఓ మల్లియలార అని పిలుపా? మానధనం పోయినట్టు వాళ్ళకి స్పష్టంగా తెలుసు, సందేహం దేనికి? పాదం చివర ఆగి రాగం తీయబట్టి ప్రశ్నలా వినిపిస్తోంది.

యతిభంగం: ఒప్పుకోను. "లార"లో పిలుపు ఉండనే ఉంది, మళ్ళీ ముందు ఓ ఎందుకు? మగవాడి అందం చూసి ఆడది తబ్బిబ్బయితే ముందుగా వచ్చేది ఆ సందేహపు ఓకారమే. మనుచరిత్రలో పెద్దనగారి వరూధిని ప్రవరుణ్ణి చూసి "ఎక్కడివాడొ" అంటూనే మొదలెట్టింది.

అరసున్న: అది హ్రస్వం. సరే, పెద్దనని తెచ్చారు కాబట్టి చెప్తున్నా. ప్రవరుడికి తన అందం సంగతే పట్టదు, ఇంటికి పోయే దారి చెప్పమంటాడు. కృష్ణుడికి ఎవరెవరు చూస్తున్నారో అన్నీ తెలుసు. తెర మీద అందగాళ్ళు కూడా ఈ రెండు రకాలే. సిగరెట్ ఎగరేసే రజనీకాంత్‌కి మనం చూస్తున్నామని తెలుసు. 1971లో మోసగాళ్ళకు మోసగాడులో కౌబాయ్ టోపీ పెట్టుకున్న కృష్ణకి తెలిసినా పట్టించుకోడు, అంత హంగులోనూ మనింటి కుర్రాడే.

పాతరీలు: మరి మా శోభన్ బాబు?

ద్రుతం: అద్దం ముందు నిలబడి రింగు తిప్పుకున్నవాడు ప్రవరుడెలా అవుతాడండీ!

యతిభంగం: రింగు కావాలని పెట్టుకున్నదే, నవ్వు మాత్రం పొరపాటున వచ్చేసినట్టుంటుంది. ఆడవాళ్ళు పడిపోయింది దానికి. 1975 సోగ్గాడులో పల్లెటూరి మనిషిగా వేస్తే ఆ పేరే ఆయనకి అతుక్కుపోయింది.

అరసున్న: సోగ్గాడు అన్నారు కాబట్టి అడుగుతున్నా, అది సొగసుకాడు నుంచి వచ్చిందా, సోగ నుంచా? సొగసు అయితే ఆ దీర్ఘం ఎక్కణ్ణుంచి దిగింది?

యతిభంగం: సోగే. సోగకళ్ళు అనమూ?

ద్రుతం: కళ్ళకి సోగ, మనిషికి సొగసు. దానికి వేరే పోస్టు పెట్టుకోండి బాబూ, ఇక్కడ "నో" ఇంకా తేలలేదు.